చెరువు కట్ట మీద వేసవి సైన్స్ క్యాంప్ ఎట్ల పెట్టుకోవాల: మా పోరుమామిళ్ల అనుభవం

ఎండాకాలం సెలవులు ఇచ్చినారంటే మా ఊళ్లో అమ్మానాన్నలు అందరూ అడిగేది ఒకటే, పిల్లోళ్లను ఫోన్ ముందర నుంచి ఎట్ల లేపాల అని. బెంగళూరులో, హైదరాబాద్‌లో ఐతే సమ్మర్ క్యాంపులు బోలెడు ఉంటాయి, మనకు సైన్స్ సెంటర్ అంటే తిరుపతి పోవాల, మా కడప జిల్లా పోరుమామిళ్లలో బస్సెక్కితే పోయేసరికే సగం రోజు ఐపోతుంది, ఒకసారి చూసొస్తారు, మళ్లీ ఇంట్లోనే. అందుకే మేం నలుగురం కలిసి రెండేళ్ల నుంచి మా చెరువు దగ్గరనే పది రోజుల క్యాంప్ పెడతా ఉండాం. మీ ఊరి చెరువు దగ్గర కూడా పెట్టుకోవచ్చు, ఎట్లనో మేం చేసింది చేసినట్టు చెప్తా.

ముందు జాగ్రత్తల సంగతి, ఇది సరిగ్గా లేకుంటే మిగిలిందేదీ వద్దు. ఎండాకాలంలో చెరువుల్లో, కుంటల్లో ఈతకు దిగి పిల్లలు పోయినారన్న వార్త ప్రతి ఏడూ వింటాం. పూడిక మట్టి తీసిన గుంతలు నీళ్ల కింద కనపడవు, ఒడ్డున మోకాలి లోతే ఉన్నట్టు ఉండి రెండడుగులు వేసేసరికి మనిషి లోతు ఉంటుంది. అందుకే మా క్యాంప్‌లో ఎవ్వరూ నీళ్లల్లో కాలు పెట్టేది లేదు, ఈత వచ్చినోళ్లైనా సరే. నీళ్లకు పది అడుగుల ఇవతల తాడు కట్టి గీత గీస్తాం, నీళ్లు కావాలంటే ఈత వచ్చిన పెద్దోళ్లు బకెట్‌తో ముంచి తెస్తారు. ఐదుగురు పిల్లలకు ఒక పెద్ద మనిషి ఉండాల, ఇరవై మంది కంటే ఎక్కువ పిల్లల్ని తీసుకోవద్దు. గాలి నింపిన ట్యూబు ఒకటి, పొడుగు మోకు ఒకటి కట్ట మీద ఎప్పుడూ ఉండాల. అమ్మానాన్నల దగ్గర సంతకం తీసుకోండి, పంచాయతీలో, నీటిపారుదల శాఖ ఆఫీసులో ఒక లెటర్ ఇవ్వండి, చెరువులో చేపలు వేలం పాడుకున్నోళ్లు ఉంటే వాళ్లకు కూడా ముందే చెప్పండి, లేకపోతే వలల దగ్గర పిల్లలు తిరుగుతా ఉంటే వాళ్లకు కోపం రావడం న్యాయమే కదా.

టైం సంగతి. మొదటి ఏడాది మేం పొద్దున పదింటికి మొదలుపెట్టినాం, రెండో రోజే ఒక పాపకు కళ్లు తిరిగినాయి, నీడలో పడుకోబెట్టి తడిగుడ్డ వేసి, ఉప్పు చక్కెర కలిపిన నీళ్లు తాగిస్తే తేరుకుంది గానీ ఆ పది నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తుండాయి. ఆ రోజు నుంచి పొద్దున ఆరింటికి మొదలు, ఎనిమిదిన్నరకు అందరూ ఇంట్లో. సాయంత్రం రెండు రోజులు మాత్రం చుక్కలు చూడటానికి పోతాం. మే నెలలో సాయంత్రం గాలివాన వచ్చేట్టుంటే, ఉరుము వినపడిందంటే ఇంక కట్ట మీద నిలబడొద్దు, చెట్టు కిందకు కూడా పోవద్దు, నేరుగా పక్కా కట్టడంలోకి పోవాల. తినడానికి బొరుగులు, ఉడకబెట్టిన చెనిక్కాయలు, తాగడానికి పల్చటి మజ్జిగ, రాగి అంబలి, ఇవి చాలు.

ఇంక అసలు విషయం. మా చెరువు మామూలు చెరువు కాదు, 1369లో విజయనగరం బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరు కట్టించినాడు, అనంతరాజ సాగరం అని పేరు పెట్టినాడు, ఆ సంగతంతా భైరవుడి గుడి ముందర రాతి మీద సంస్కృతంలో చెక్కించినాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉండాది. 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల లిస్టులో కూడా చేర్చినారు. మాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఏందంటే, మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు ఆ శాసనంలోనే రాసినారు. కట్టలో నీళ్లు కారడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు మధ్యలో ఎత్తు ఉండటం, నీళ్లు తక్కువై పారే భూమి ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై భూమి తక్కువ కావడం, ఇవే ఆ ఆరు దోషాలు. నన్నడిగితే ఇదే ఒక సిలబస్. మేం ఒక్కో దోషానికి ఒక ప్రయోగం పెట్టినాం (సరిహద్దు దోషానికి మాత్రం ప్రయోగం లేదు, రెండూళ్ల మధ్య నీళ్ల పంచాయితీ అని పిల్లలతో నాటకం ఆడించినాం, అది కూడా బాగా వచ్చింది). మీ చెరువుకు శాసనం లేకపోయినా ఈ ఆరు దోషాలు పట్టుకొని చూడొచ్చు, తూము (పొలాలకు నీళ్లు వదిలే దారి) ఎక్కడ, మరవ (చెరువు నిండితే నీళ్లు పొర్లి పోయే చోటు) ఎక్కడ, వంక (చెరువులోకి నీళ్లు తెచ్చే వాగు) ఎటు నుంచి వస్తుంది, ఆయకట్టు ఎంత అని మొదటి రోజు పిల్లలతో మ్యాప్ గీయించండి, తూము తిప్పే పెద్దాయనను పిలిపించి మాట్లాడించండి, ఆయనకు తెలిసినంత మనకెవరికీ తెలియదు.

నీళ్లు కారే ప్రయోగానికి మూడు వాటర్ బాటిళ్లు అడుగు కోసేసి తలకిందులుగా పెట్టి, మూతి దగ్గర గుడ్డ కట్టి, ఒకదాంట్లో వంక ఇసుక, ఒకదాంట్లో ఎర్రమట్టి, ఒకదాంట్లో చెరువు అడుగు నల్లమట్టి సమానంగా నింపి మూడింట్లో అర లీటరు నీళ్లు పోయండి. ఇసుకలో గబగబా దిగిపోతాయి, నల్లమట్టి మొదట పీల్చుకొని తర్వాత ఉబ్బి బిగుసుకుంటుంది, ఇంక చుక్క చుక్క పడటమే. గట్టి బంకమట్టి నేల ఉండాల అని శాసనంలో ఎందుకు రాసినారో అప్పుడు పిల్లోళ్లకు అర్థమైతుంది. అట్లనే ఇంకో బాటిల్‌కు పైన, మధ్యలో, అడుగున ఒకే సైజు చిల్లులు పెట్టి నీళ్లు నింపితే అడుగు చిల్లు నుంచి నీళ్లు అన్నిటికంటే జోరుగా కొడతాయి, లోతు పెరిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, కట్టను అడుగున వెడల్పుగా ఎందుకు కట్టినారో వేరే చెప్పే పని లేదు.

నాకు బాగా నచ్చింది ఆవిరి లెక్క. గోడలు నిలువుగా ఉండే గుండ్రటి టబ్ ఒకటి తీసుకోండి, 40 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే లెక్క సులభం, నీళ్లు పోసి లోపల గీత పెట్టి ఎండలో పెట్టండి, మరుసటి రోజు అదే టైంకు కొలత గ్లాసుతో మళ్లీ గీత వరకు నీళ్లు పోయండి. ఆ టబ్‌లో సరిగ్గా ఒక లీటరు పట్టిందంటే దగ్గర దగ్గర 8 మిల్లీమీటర్ల నీళ్లు ఆవిరైనట్టు. మా టబ్‌లో మొదట రెండు రోజులు లెక్క విపరీతంగా వచ్చింది, ఏందా అని చూస్తే మేకలొచ్చి తాగిపోతా ఉండాయి, కాబట్టి పైన పెద్ద కన్నాల ఇనుప జాలీ వేయండి. వాతావరణ శాఖ వాళ్లు కూడా ఇట్లనే నాలుగడుగుల వెడల్పు తొట్టి పెట్టి కొలుస్తారు, తొట్టి నీళ్లు చెరువు కంటే తొందరగా వేడెక్కుతాయి కాబట్టి ఆ లెక్కను 0.7తో గుణించి చెరువుకు కడతారు, మన చిన్న టబ్ ఇంకా తొందరగా వేడెక్కుతుంది, అంటే ఇది ఉజ్జాయింపు లెక్కేనని పిల్లలకు చెప్పండి. ఐనా సరే, టబ్‌లో 8 మి.మీ. అంటే చెరువులో 5.6 మి.మీ. అనుకుంటే, ఒక ఎకరా నీళ్ల మీద ఒక్క రోజులో 22 వేల 600 లీటర్లకు పైనే పైకి పోయినట్టు, ఐదువేల లీటర్ల ట్యాంకర్లు నాలుగున్నర. ఏడో తరగతి పిల్లోడు ఆ లెక్క తానే చేసి, ఇంటికి పోయి వాళ్ల జేజినాయనకు చెప్పి, ఆయన్ను మరుసటి రోజు టబ్ చూడటానికి వెంటబెట్టుకొని వచ్చినాడు.

నీడ మాయమయ్యే రోజు తప్పకుండా పెట్టుకోండి. మన అక్షాంశంలో ఏడాదికి రెండుసార్లు సూర్యుడు నడినెత్తికి వస్తాడు, నిలువుగా నిలబెట్టిన కట్టెకు నీడ ఉండదు. కడపలో ఏప్రిల్ 29, అనంతపురంలో 30, మా పోరుమామిళ్లలో మే 1, కర్నూలులో మే 3, 4 తేదీల్లో వస్తుంది, మళ్లీ ఆగస్టులో ఇంకోసారి వచ్చినా అప్పుడు మబ్బులు పట్టే అవకాశం ఎక్కువ. మా వైపు మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాల ప్రాంతంలో చూడాల, పన్నెండుకే చూసి రాలేదే అనుకోవద్దు, మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తుంది, మనం దానికి పడమర ఉండాం, అందుకే సూర్యుడు కొంచెం ఆలస్యంగా వస్తాడు. ఇది మాత్రం కట్ట మీద వద్దు, స్కూల్ ఆవరణలో ఒక కడప బండ మట్టసంగా పరిచి, దాని మీద స్టీలు గ్లాసు నిలబెట్టి, పిల్లల్ని వరండా నీడలో కూర్చోబెట్టి, ఆ టైంకు పది నిమిషాలు మాత్రం బయటకు తీసుకురండి. గ్లాసు నీడ గ్లాసు కిందకే పోతే పిల్లలు పెట్టిన కేక ఊరంతా వినపడింది.

పక్షులకు పొద్దున మొదటి గంట. నీటికాకులు, కొంగలు, బుడుబుంగలు, లకుముకి పిట్ట, తీతువు, ఇవి దాదాపు ప్రతి చెరువు దగ్గరా ఉంటాయి, బైనాక్యులర్ ఒకటున్నా చాలు, వంతులేసుకొని చూస్తారు. పేరు తెలియకపోతే ఫోన్‌లో మెర్లిన్ యాప్ కూత విని చెప్తుంది, ఐతే ముందు పిల్లలు దాని బొమ్మ గీసి, ముక్కు, కాళ్లు ఎట్లున్నాయో రాసిన తర్వాతనే ఫోన్ తీయండి. మన జిల్లా పిల్లలకు కలివి కోడి కథ చెప్పకుండా ఉండొద్దు. 1848లో జెర్డాన్ అనే ఆయన మొదట రికార్డు చేసిన పక్షి, 1900 తర్వాత ఎవ్వరికీ కనపడక అంతరించిపోయిందనుకున్నారు, 1986లో మన సిద్ధవటం వైపు రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది, దాన్ని పట్టి చూపించింది కూడా ఆ చుట్టుపక్కల అడవి తెలిసిన వేటగాడే. దాని కోసమే లంకమల అభయారణ్యం వచ్చింది.

బకెట్ నీళ్లలో పురుగులు చూడటానికి తెల్లటి ప్లేటు, చెంచా, భూతద్దం చాలు, తూనీగ పిల్లలు దొరికితే పిల్లోళ్లు నమ్మరు, ఇది ఎగిరేదేనా అని. డబ్బులుంటే కాగితం మైక్రోస్కోప్, ఫోల్డ్‌స్కోప్ అంటారు, ఒకటి తెప్పించుకోండి, 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. ఒడ్డున ఉండే పచ్చటి నాచు చూపించేటప్పుడు మన జిల్లాలోని వేంపల్లె రాళ్ల సంగతి చెప్పండి, అక్కడి సున్నపురాళ్లలో పొరలు పొరలుగా కనపడేవి వంద కోట్ల ఏళ్ల కంటే పాతవి, ఇట్లాంటి నాచు జాతి సూక్ష్మజీవుల చాపలే అట్ల రాయైనాయి. నీళ్ల మీద పెయింటు పోసినట్టు నీలం పచ్చ మీగడ కట్టి ఉంటే మాత్రం ముట్టుకోనీయొద్దు, అందులో విషం ఉండే రకాలు ఉంటాయి.

చుక్కల రాత్రికి అమావాస్య దగ్గరి రోజులు చూసుకొని, ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర వరకు పెట్టండి, కట్ట మీదకు పోవద్దు, పక్కన చదును పొలంలో టార్పాలిన్ పరిచి పడుకోబెట్టండి, టార్చ్‌లకు ఎర్ర కాగితం చుట్టండి, పాములు తిరిగే కాలం కాబట్టి చెప్పులు లేకుండా ఎవ్వరూ లేవొద్దు. ఏప్రిల్ చివర్లో ఉత్తరాన సప్తర్షి మండలం పైకి వచ్చి ఉంటుంది, దాని తోక వంపు పట్టుకొని పోతే స్వాతి, ఇంకా పోతే చిత్త. పెళ్లిలో అరుంధతిని చూపిస్తారు కదా, అది ఆ తోకలోనే వసిష్ఠుడి పక్కన ఉంటుంది, ఎవరి కళ్లకు కనపడిందో అడగండి. తొమ్మిది దాటినాక దక్షిణాన కిందగా త్రిశంకు, అంటే ఇంగ్లీషులో సదరన్ క్రాస్ అనే చుక్కల గుంపు, కనపడుతుంది, ఉత్తరాదిలో ఎక్కువ మందికి ఈ భాగ్యం లేదు.

ఆఖరికి ధ్రువుణ్ణి చూపించి కొలిపించండి. చెయ్యి చాపి పిడికిలి పడితే దాదాపు పది డిగ్రీలు, ధ్రువ నక్షత్రం నేల గీత నుంచి ఎన్ని డిగ్రీల పైన ఉంటే మన ఊరి అక్షాంశం అంతే. మా ఊరు 15 డిగ్రీలు. ఇరవై మంది చీకట్లో చేతులు చాపి కొలిచినారు, చిన్న చేతులైనా పెద్ద చేతులైనా అందరికీ పిడికిలిన్నరే వచ్చింది.