బరువు తూటా రైఫిళ్లు – 4వ పాఠం: రీకాయిల్ ప్యాడ్ ఎంచుకోవడం

రీకాయిల్ ప్యాడ్ అంటే కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే తన్నును మెత్తబరచడానికి స్టాక్ (రైఫిల్ చెక్క భాగం) వెనక బిగించే రబ్బరు దిండు. మూడో పాఠం చివర్లో "ఇప్పుడే రంపం పట్టుకోకండి" అని రాశాం. ఆ మాట మొదట్లోనే రాయాల్సింది. అక్కడిదాకా చదవకుండా స్టాక్ కోసేసి, కొత్త ప్యాడ్ బిగించి, కాల్చి, కనుబొమ్మ మీద స్కోపు (గురిచూసే దూరదర్శిని) అంచు ముద్ర వేయించుకున్నవాళ్లు కొందరున్నారు. ముందు ఆ లెక్క సరిచేద్దాం. ప్యాడ్ సంగతి తర్వాత.

అందరూ చేసిన తప్పు ఒకటే. "కొత్త ప్యాడ్ అంగుళం మందం, కాబట్టి చెక్క అంగుళం కోయాలి" అనుకున్నారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రైఫిల్ వెనక అప్పటికే ఒక ప్యాడ్ ఉందన్న సంగతి మర్చిపోయారు. పుల్ కొలత అంటే ట్రిగ్గర్ మీద వేలు ఆనేచోటి నుంచి బట్ (స్టాక్ వెనక కొన) వెనక తలం మధ్య వరకు ఉన్న దూరం. అందులో పాత ప్యాడ్ మందం కూడా కలిసే ఉంటుంది. అందుకే పాత ప్యాడ్ విప్పి, ఉత్త చెక్కను కొలవాలి. ఆ కొలతకు కొత్త ప్యాడ్ మందం కలిపి, మీకు కావలసిన పుల్ కొలత తీసేస్తే మిగిలేదే కోయాల్సిన ముక్క.

ఒక .375 హెచ్ అండ్ హెచ్ రైఫిల్ తీసుకోండి (.375, .458 లాంటివి తూటా రకాల పేర్లు). పుల్ కొలత 13¾ అంగుళాలు, అందులో అర అంగుళం పాత ప్యాడ్. చెక్క 13¼. కొత్త ప్యాడ్ అంగుళం కలిపితే 14¼. మీకు 13¾ సరిపోతుందంటే కోయాల్సింది అర అంగుళమే. అంగుళం కోసినవాళ్లకు 13¼ మిగిలింది. రంపం గీతకు చెక్క వైపు నడిస్తే పళ్ల మందం ఇంకో ఎనిమిదో వంతు తినేస్తుంది. మెత్తని ప్యాడ్ భుజానికి గట్టిగా ఆనించగానే మరో ఎనిమిదో వంతు అణుగుతుంది. మొత్తం ముప్పావు అంగుళం పోయింది. కంటికీ స్కోపుకూ మధ్య మూడున్నర అంగుళాలు ఉండాల్సిన చోట రెండుముప్పావే మిగిలింది. .375 తన్నే తన్నుకు ఆ ఎడం చాలదు. కనుబొమ్మ చిట్లిందంటే కారణం ఇదే, ప్యాడ్ కాదు.

అదే రైఫిల్ మీద చేతులు పొడుగైన మనిషికి 14¼ సరిపోతే కోయాల్సింది సున్నా. ప్యాడ్ మార్చి స్క్రూలు బిగిస్తే పని అయిపోతుంది. ఈ లెక్క వేయకుండానే రంపం తీసినవాళ్లూ ఉన్నారు!

పొట్టిగా కోసినవాళ్లు బెంగపడక్కర్లేదు. చెక్కకూ ప్యాడ్‌కూ మధ్య పెట్టే నల్ల ప్లాస్టిక్ స్పేసర్లు పావు అంగుళం మందంలో దొరుకుతాయి. రెండు పెడితే అర అంగుళం తిరిగొస్తుంది. స్క్రూలు కూడా ఆ మేరకు ఎక్కువ పొడుగువి వేయాలి, లేకపోతే కొన మరలు మాత్రమే చెక్కను పట్టుకుంటాయి. మూడు స్పేసర్లు పెడితే చూడ్డానికి పొరల కేకులా ఉంటుంది. అంతకన్నా చెక్క అతికించే మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్లడం నయం.

(అడిగినవాళ్లకు ఒక్కమాట: భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో సవరణ వచ్చాక సరదా వేటకు చోటు లేదు. అలాస్కాలో ఎలుగుకో, ఆఫ్రికాలో కేప్ బఫెలోకో అక్కడి లైసెన్సుతో వెళ్లే తెలుగువాళ్ల కోసమే ఈ పాఠాలు.)

ఎంత తన్నుతుందో అంకెల్లో

ఎనిమిది పౌండ్ల .30-06 రైఫిల్‌లో 180 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) తూటా కాలిస్తే భుజం మీదికి సుమారు 20 ఫుట్-పౌండ్ల (తన్ను శక్తి కొలత) తన్ను వస్తుంది. తొమ్మిది పౌండ్ల .375లో 300 గ్రెయిన్ల తూటాకు 38 దాకా. .458 విన్‌చెస్టర్ మాగ్నమ్‌కు 60 పైనే. పది పౌండ్ల .458 లాట్‌కు 70కి దగ్గరగా. ఈ అంకెను ఏ ప్యాడూ తగ్గించదు. తగ్గించాలంటే రైఫిల్ బరువు పెంచాలి, లేదా తూటా వేగం తగ్గించాలి. మజిల్ (గొట్టం ముందు కొన) దగ్గర బిగించే మజిల్ బ్రేక్ అనే చెవుల శత్రువు కూడా ఒకటుంది, దాని జోలికి ఈ పాఠంలో పోవడం లేదు.

ప్యాడ్ చేసేవి రెండే పనులు. రైఫిల్ ఆగే దూరాన్ని పెంచుతుంది, తాకే వైశాల్యాన్ని పెంచుతుంది. ముతక లెక్క ఇది: గట్టి ప్లాస్టిక్ బట్ ఉన్న .375 కాల్చినప్పుడు భుజం, ఒళ్లు కలిసి రెండు అంగుళాలు వెనక్కి పోయాయనుకుందాం. 38 ఫుట్-పౌండ్లు అంటే 456 అంగుళాల-పౌండ్లు. రెండుతో భాగిస్తే సగటున 228 పౌండ్ల తోపు. మధ్యలో అర అంగుళం అణిగే ప్యాడ్ పెడితే ఆగే దూరం రెండున్నర, తోపు 182. అయిదో వంతు తగ్గింది. ఆ 182 గుర్తుపెట్టుకోండి, కిందికి వెళ్లాక పనికొస్తుంది.

బొటనవేలి పరీక్ష

కొట్లో ప్యాడ్ చేతికివ్వగానే ప్రతివాడూ చేసే పని ఒకటుంది. బొటనవేలితో నొక్కి, లోతుగా దిగితే "ఆహా, ఇది మెత్తగా ఉంది, ఇదే ఇవ్వండి" అంటాడు. ఈ పాఠం మొత్తంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి: పెద్ద రైఫిల్‌కు బొటనవేలి తీర్పు చెల్లదు.

ఎందుకో చూడండి. రబ్బరు దూదిలాంటిది కాదు. నొక్కితే చిన్నదైపోదు, పక్కకు జరుగుతుంది. వేలితో నొక్కినప్పుడు వేలి చుట్టూ బోలెడు ఖాళీ ఉంది కాబట్టి రబ్బరు అటు ఉబ్బి, వేలికి దారి ఇస్తుంది. భుజం వేలంత ఉండదు. అది ప్యాడ్‌ను నిండుగా కప్పేస్తుంది, రబ్బరు పక్కకు పోవడానికి చోటు ఉండదు. అప్పుడది పోవాల్సింది ప్యాడ్ లోపలి గదుల్లోకే. మంచి ప్యాడ్‌లో అడ్డంగా కోస్తే కనిపించే ఖాళీలన్నీ అందుకే. గోడలు మరీ పల్చగా, మెత్తగా ఉంటే ఆ గదులు రైఫిల్‌ను భుజానికి ఆనించిన బిగువుకే సగం మూసుకుపోతాయి. తన్ను మొదలయ్యేసరికి మిగిలింది సగం ప్రయాణం. అదీ మూసుకుపోయాక అంగుళం ప్యాడ్ కాస్తా గట్టి రబ్బరు దిమ్మ అవుతుంది, తన్నులో మిగిలిన భాగం నేరుగా ఎముకకు దిగుతుంది. .30-06కు హాయిగా ఉన్న ప్యాడ్ .458 మీద కొయ్యలా అనిపిస్తే ప్యాడ్ చెడిపోలేదు, అడుగు తాకిందంతే.

మెత్తదనంలో ఇంకో చిక్కు. రెండో గుండుకు రైఫిల్ ఎత్తినప్పుడు ఒక్కొక్కసారి ఒక్కొక్కంత అణుగుతుంది. పుల్ కొలత మారుతుంది, కన్ను స్కోపు వెనక కుదురుగా నిలవదు.

బొటనవేలికి బదులు ఇంట్లో బరువు చూసుకునే తూకం వాడండి. తూకం మీద ప్యాడ్‌ను దాని అడుగు పలక కిందికి ఉండేలా పెట్టండి. పైన ప్యాడ్ అంత చెక్కముక్క. గోడ పట్టుకుని దాని మీద మెల్లగా బరువు వేయండి. 50, 100, 150, 200 పౌండ్లు చూపించినప్పుడల్లా ఇంకొకరు స్కేలుతో ప్యాడ్ మందం కొలిచి రాసుకోవాలి. ఒక ప్యాడ్‌కు అంగుళం నుంచి వరసగా 0.70, 0.55, 0.52, 0.51 వచ్చిందనుకోండి. వంద దాటాక అది చచ్చిపోయింది. మీకు కావలసిన 182 పౌండ్ల దగ్గర దాని పని ఏమీ లేదు. ఇంకోదానికి 0.90, 0.80, 0.71, 0.64 వస్తే 200 దగ్గర కూడా అది ఇంకా దిగుతూనే ఉంది. వేలికి గట్టిగా తగిలిన ఈ రెండోదే మీది. నిజం తన్ను కనుమూసి తెరిచేలోపు అయిపోతుంది, ఆ వేగానికి కొన్ని పదార్థాలు ఇంకాస్త బిగుస్తాయి. కాబట్టి ఈ అంకెలు ప్యాడ్‌ను ప్యాడ్‌తో పోల్చడానికే. ఇంత తగ్గిందని లెక్క కట్టడానికి కాదు.

ఏ రకం

.375 మొదలు పైన వాటికి అంగుళం మందానికి తగ్గొద్దు. .30-06 స్థాయి వరకే అర అంగుళం. పదార్థంలో మా మొగ్గు పాక్‌మేయర్ డీసెలరేటర్ లాంటి గదుల రబ్బరు వైపు. .416 దాటితే సార్బొథేన్ (దెబ్బను పీల్చుకునే రబ్బరులాంటి పదార్థం)తో చేసిన కిక్-ఈజ్ లాంటివి చూడండి. బరువు కాస్త ఎక్కువ, కానీ వెనక బరువు పెరగడం ఇక్కడ లాభమే. పాత ఇంగ్లిష్ డబుల్ (రెండు గొట్టాల) రైఫిల్‌కు నారింజ రంగు సిల్వర్స్ ప్యాడే అందం. దాన్ని తీసేసి నల్లటిది పెడతామనేవాళ్లతో మాకు పేచీ. ఏ మెత్తని ప్యాడ్ అయినా రైఫిల్‌ను ఏళ్ల తరబడి బట్ మీద నిలబెడితే ఒకవైపు అణిగి అలాగే ఉండిపోతుంది, తుపాకీ నూనె, సాల్వెంట్ తగిలితే జిగురెక్కుతుంది. అలమరాలో మజిల్ కిందికి ఉంచితే రెండు బాధలూ ఉండవు.

తొడుగులా ఎక్కించే స్లిప్-ఆన్ ప్యాడ్ రేంజిలో బల్ల దగ్గర కూర్చుని సైట్ సరిచేసుకునే రోజుకే. పుల్ కొలత ముప్పావు అంగుళం దాకా పెంచేస్తుంది, చెమటకు జారుతుంది. మీ మోడల్‌కే అచ్చుపోసిన ప్రీ-ఫిట్ ప్యాడ్ దొరికితే, చెక్క కోయనక్కర్లేకపోతే, అదే కొనండి. కోశారో, బట్ వెనక అంచు చిన్నదవుతుంది, ప్రీ-ఫిట్ సరిపోదు. అప్పుడు అరగదీసి అమర్చే రకమే గతి.

వెడల్పు సంగతి: బట్ కన్నా అన్ని వైపులా కాస్త పెద్దది తీసుకుని అరగదీయాలి. పాత లీవర్ రైఫిళ్ల (ట్రిగ్గర్ కింది పిడి తిప్పి తూటా ఎక్కించేవి) నెలవంక ఉక్కు బట్‌తో .45-70 గట్టి గుండు కాల్చినవాళ్లకు వైశాల్యం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

కోత కోణం ఫ్యాక్టరీది మార్చకండి. అయిదు అంగుళాల బట్‌లో కింది కొన దగ్గర ఎనిమిదో వంతు ఎక్కువ కోస్తే మజిల్ దాదాపు అంగుళం కిందికి వాలుతుంది. తన్నినప్పుడు బట్ చెంప వైపు ఎగబాకుతుంది. అక్కడ తక్కువ కోస్తే కింది కొన రొమ్ములో గుచ్చుకుంటుంది. ఛాతీ నిండుగా ఉన్నవాళ్లకు కొంచెం ఎక్కువ కోయాల్సి రావచ్చు, అది కాల్చి చూశాకే.

అమర్చడం

కోయడం, డ్రిల్ వేయడం మీకు వచ్చనే అనుకుంటున్నాం. గీత చుట్టూ రెండు పొరల మాస్కింగ్ టేపు, సన్నపళ్ల బ్లేడు, కింది కొనకు వెనక ఆనుగా ఒక చెక్క. ఇవి లేకపోతే చివర్లో పెచ్చు లేస్తుంది. పాత స్క్రూ రంధ్రాలు కొత్తవాటికి దగ్గరగా ఉంటే చెక్క గుల్లీ, జిగురుతో మూసి కొత్తగా వేయండి. కోసిన చెక్కకు వార్నిష్ పట్టించండి, లేకపోతే అక్కడి నుంచే తేమ ఎక్కుతుంది. ప్యాడ్‌ను జిగురుతో అతికించొద్దు. ఏదో ఒకరోజు మార్చాల్సిందే.

అందరూ చెడగొట్టేది ప్యాడ్ ముందు తలాన్ని, అంటే భుజానికి ఆనే వైపును. చాలా ప్యాడ్లకు పైకి రంధ్రాలు కనిపించవు. వెనక, అడుగు పలక వైపు నుంచి స్క్రూను రంధ్రంలోకి తోసి పట్టుకోండి, ముందు తలం మీద చిన్న బొడిపె లేస్తుంది. ఆ బొడిపె నడినెత్తి మీద కొత్త బ్లేడుతో పావు అంగుళం గాటు, నిలువుగా ఒక్కటే, అడ్డం కాదు. స్క్రూ తలకు, స్క్రూడ్రైవర్ కాడకు వాజలీన్ రాసి లోపలికి దించండి. కాడ గుండ్రంగా, నున్నగా ఉండాలి. పలకల కాడ తిరిగేకొద్దీ గాటును చింపుతుంది. డ్రైవర్ బయటికి తీయగానే గాటు మూసుకుని ఉందో లేదో తెలియనంతగా కలిసిపోవాలి.

ఇక అరగదీత. ప్యాడ్ బిగించి, స్టాక్ వెంబడి దాని అడుగు పలక మీద సూదిమొనతో గీత గీయండి. నల్ల పలక మీద గీత కనబడకపోతే ముందు సుద్ద రాయండి. విప్పి, కోణం నిలిపే జిగ్‌లో (పట్టుకునే చట్రం) పెట్టి, అరగదీసే యంత్రానికి 80 నంబరు గరుకు బెల్టుతో మొదలుపెట్టి గీత దాకా వచ్చేసరికి 120కి మారండి. ఒత్తితే రబ్బరు వేడెక్కి బెల్టుకు అంటుకుంటుంది. మెత్తని ప్యాడ్‌ను ముందు ఫ్రీజర్‌లో ఓ గంట ఉంచితే రబ్బరు బిగిసి శుభ్రంగా తెగుతుంది. ఆ నల్లపొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు వేసుకుని ఆరుబయట చేయండి. చివరగా పై కొనను కాస్త గుండ్రం చేయండి. పదునుగా వదిలేస్తే ఎత్తేటప్పుడు చొక్కాకు పట్టుకుంటుంది.

అభ్యాసం

వచ్చే పాఠం లోపు స్టాక్ ముట్టుకోవద్దు. బట్ కన్నా కాస్త పెద్ద చెక్కదుంగ ఒకటి తీసుకుని బట్ ఆకారంలో చెక్కండి. మీ రైఫిల్ కోణంలో కోసి, అరగదీసే రకం చవక ప్యాడ్ అమర్చండి. తర్వాత విప్పి, దుంగను మరో అర అంగుళం కోసి, ఇంకో ప్యాడ్‌తో మళ్లీ చేయండి. అలా మూడుసార్లు. మూడోసారి వేలిగోరు చెక్క మీది నుంచి ప్యాడ్ మీదికి జరిపితే ఎక్కడా తట్టకూడదు. తట్టితే నాలుగోది.

తూకం పరీక్ష కనీసం రెండు ప్యాడ్లతో చేసి అంకెలు రాసిపెట్టుకోండి. పాత ప్యాడ్ విప్పాక ఉత్త చెక్క కొలత కూడా అదే కాగితం మీద, పెద్ద అక్షరాలతో.