సవానాలో కెమెరా పట్టుకుని నడవాలంటే: బుల్ స్ట్రీట్‌లో దిగండి, ఆబర్‌కార్న్‌లో తిరిగి రండి

అట్లాంటాలో ఉండే మనవాళ్ళు లాంగ్ వీకెండ్ వస్తే టైబీ బీచ్‌కి వెళ్తూ అదే జార్జియా రాష్ట్రంలోని సవానా ఊళ్ళో ఓ గంట ఆగుతారు, ఫౌంటెన్ ముందు ఫ్యామిలీ ఫోటో దిగుతారు, వెళ్ళిపోతారు. నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చింది ఆ ఒక్క ఫోటో కోసమా? కెమెరా ఉన్నా, ఫోన్ మాత్రమే ఉన్నా, ఈ ఊరికి ఒక రోజంతా ఇవ్వండి, కారు మాత్రం పొద్దున్నే ఎక్కడో ఒకచోట పెట్టేయండి.

ఆ పెట్టేదేదో ఎల్లిస్ స్క్వేర్ కింద ఉన్న గ్యారేజీలో పెడితే కథ అక్కడే మొదలవుతుంది. పైన ఒకప్పుడు పాత మార్కెట్ ఉండేది. 1954లో దాన్ని కూలగొట్టి పార్కింగ్ కట్టారు. ఊళ్ళో జనానికి ఒళ్ళు మండింది. మరుసటి ఏడాది డేవెన్‌పోర్ట్ హౌస్ అనే 1820 నాటి ఇంటికీ అదే గతి పట్టబోతుంటే ఏడుగురు ఆడవాళ్ళు పూనుకుని హిస్టారిక్ సవానా ఫౌండేషన్ పెట్టి దాన్ని కాపాడారు. ఈ రోజు మనం ఫోటోలు తీసుకునే పాత ఇళ్ళలో చాలావాటి వెనక ఆ గొడవే ఉంది. ఎల్లిస్ స్క్వేర్ మాత్రం 2010లో గానీ మళ్ళీ తెరుచుకోలేదు.

ఊరి ప్లాన్ ఒకసారి బుర్రలో పెట్టుకుంటే ఇక మ్యాప్ అక్కర్లేదు. 1733లో ఈ ఊరు కట్టించిన ఇంగ్లీషువాడు ఓగల్‌థార్ప్ వేసిన పద్ధతి ప్రకారం నాలుగు అడుగులు వేస్తే ఒక స్క్వేర్, అంటే చుట్టూ ఇళ్ళు, మధ్యలో చెట్లున్న చిన్న పార్కు. అలాంటివి 24 వేశారు, 22 మిగిలాయి. అన్నీ చుట్టేయాలని పరిగెత్తకండి, అది మున్సిపాలిటీ సర్వే అవుతుంది గానీ ఫోటోగ్రఫీ అవదు. సిటీ హాల్ బంగారు డోమ్ దగ్గర మొదలుపెట్టి బుల్ స్ట్రీట్‌లో దక్షిణానికి నడిస్తే ఐదు స్క్వేర్లు దాటి ఫోర్‌సైత్ పార్కు వస్తుంది. దూరం దాదాపు మైలు, కానీ మూడు గంటలు పెట్టుకోండి.

రైట్ స్క్వేర్‌లో తప్పకుండా ఆగండి. ఓగల్‌థార్ప్‌కి ఇక్కడ చోటిచ్చిన యమక్రా అనే స్థానిక అమెరికన్ తెగ పెద్ద తోమోచీచీని 1739లో ఇక్కడే ఖననం చేశారు. 1883లో ఆ స్క్వేర్ నడిమధ్యనే ఒక రైల్వే ప్రెసిడెంట్‌కి పెద్ద స్మారకం కట్టారు. తోమోచీచీకి దక్కింది 1899లో ఓ మూలన పెట్టిన గ్రానైట్ బండ. ఆ బండకి దగ్గరగా కూర్చుని, వెనక స్మారకం కాస్త బ్లర్‌లో కనబడేలా తీయండి, క్యాప్షన్ రాయాల్సిన పనుండదు.

చిపెవా స్క్వేర్‌లో ఓగల్‌థార్ప్ విగ్రహం (1910) దక్షిణానికి తిరిగి ఉంటుంది, అప్పట్లో ఫ్లోరిడాలో ఉన్న స్పెయిన్ వాళ్ళ మీద ఓ కన్నేసినట్టు. కాబట్టి ఎండ పైకి వచ్చాకే ముఖం మీద వెలుతురు పడుతుంది. ఫారెస్ట్ గంప్ సినిమాలో హీరో కూర్చున్న బెంచీ ఎక్కడని వెతక్కండి, అది షూటింగ్ కోసం పెట్టింది, తీసేశారు.

అసలు తలనొప్పి చెట్ల కింద. ఓక్ కొమ్మల నుంచి స్పానిష్ మాస్ అనే బూడిదరంగు మొక్క మర్రి ఊడల్లా వేలాడుతుంటుంది, దాని సందుల్లోంచి ఎండ ముక్కలు ముక్కలుగా పడి కెమెరాని తికమక పెడుతుంది. ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే వెలుతురు) అర స్టాపో ముప్పావు స్టాపో తగ్గించి, తర్వాత సరిదిద్దుకోడానికి వీలుండే RAW ఫార్మాట్‌లో తీయండి. ఫోన్ అయితే వెలుతురు ఉన్నచోట నొక్కి, వేలితో కిందికి లాగండి. మబ్బు పట్టిన రోజు దొరికితే అదృష్టమే. ఇంకోటి, కింద రాలిన మాస్ మెడలో వేసుకుని పోజులివ్వకండి, అందులో పురుగులుంటాయి, రెండు రోజులు గోక్కుంటారు.

మాడిసన్, మాంటెరీ స్క్వేర్ల మధ్య జోన్స్ స్ట్రీట్ తగులుతుంది. ఇటుకల రోడ్డు, ఎత్తైన మెట్లు, ఇనుప రెయిలింగులు, ప్రతి గడపా ఫోటోలానే ఉంటుంది. కానీ అవి జనం కాపురముంటున్న ఇళ్ళు. రోడ్డు మీద నుంచి తీసుకోండి, మెట్లెక్కి కూర్చోకండి.

ఫోర్‌సైత్ ఫౌంటెన్ (1858) పొద్దున ఎనిమిదిలోపు చేరితేనే ఖాళీగా ఉంటుంది. మీకు అదే ముఖ్యమైతే రూటు తిరగేయండి.

తిరుగు ప్రయాణం ఆబర్‌కార్న్ స్ట్రీట్‌లో, మధ్యాహ్నం మూడు దాటాక. ముందు టేలర్ స్క్వేర్ వస్తుంది. బానిసత్వాన్ని సమర్థించిన కాల్హూన్ పేరు తీసేసి, బానిసగా పుట్టి, దొంగచాటుగా చదువుకుని, అంతర్యుద్ధంలో నల్లజాతి సైనికులకు సేవ చేసి చదువు నేర్పిన సూసీ కింగ్ టేలర్ పేరు 2023లో పెట్టారు. తర్వాత లఫాయెట్ స్క్వేర్‌లో కెథీడ్రల్. దాని ముఖం పడమటికి ఉంటుంది, అందుకే సాయంత్రం ఎండకే రమ్మన్నది. ఆ పైన ఓవెన్స్-థామస్ హౌస్. మేడ చూసి మురిసిపోయి వెళ్ళిపోకుండా వెనక బానిసలు ఉన్న గదుల్లోకి వెళ్ళండి. దెయ్యాలు రాకుండా పైకప్పుకి వేసిన నీలం రంగు ఇంకా మిగిలి ఉంది. ఇవి చూడకుండా ఊరంతా అందంగా తీసుకుంటూ పోతే మీరు తీసింది సగం ఊరే.

చీకటి పడే ముందు నదికి దిగండి. రివర్ స్ట్రీట్ మెట్లు నిటారుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి, కెమెరాలో కళ్ళు పెట్టి దిగొద్దు. పత్తి కోసం వచ్చిన ఓడలు బరువుకని తెచ్చి పారేసిన రాళ్ళే ఇక్కడి దారుల్లో పరిచారు. చెప్పులు కాదు, మంచి షూస్ వేసుకోండి. పెద్ద కంటెయినర్ ఓడలు ఒడ్డుకి ఎంత దగ్గరగా వెళ్తాయంటే దూరాన్ని దగ్గర చేసే టెలీ లెన్స్ పనికిరాదు, ఎక్కువ మేర పట్టే వైడ్ లెన్స్ కావాలి. ఓడ ఎప్పుడొస్తుందో ట్రాకింగ్ యాప్‌లో చూసుకోవచ్చు. టాల్‌మాడ్జ్ బ్రిడ్జి పడమర వైపు కాబట్టి సూర్యాస్తమయం దాని వెనకే.

వేసవిలో అయితే ఏసీ గదిలోంచి బయటికి రాగానే లెన్స్ మీద మంచు పట్టినట్టు ఆవిరి కమ్ముకుంటుంది. తుడవకండి, కెమెరా బ్యాగులోనే ఉంచి ఓ ఇరవై నిమిషాలు ఆగి తీయండి. వీలైతే మార్చిలో వెళ్ళండి, అజేలియాలు పూస్తాయి. 17న ఐరిష్ వాళ్ళ పండగ సెయింట్ పాట్రిక్స్ డే, ఆ వారం మాత్రం తప్పించండి, హోటల్ రేట్లు మండిపోతుంటాయి, స్క్వేర్లలో కాలు పెట్టే చోటుండదు.