ప్రొఫైల్ ఫొటోకి గడ్డం ఇలా పెట్టి చూడండి
లింక్డిన్‌కో ఆఫీస్ ఐడీకో ఫొటో దిగేటప్పుడు చాలామంది బిగుసుకుపోయి గడ్డం వెనక్కి లాక్కుంటారు, మెడ దగ్గర మడత పడేది అందుకే. తాబేలు తల బయటపెట్టినట్టు మొహాన్ని ఒక్క అంగుళం ముందుకి తెచ్చి గడ్డం కొంచెం కిందికి దించండి, పక్కనించి చూస్తే వింతగానే ఉంటది కానీ ఎదురుగా ఉన్న కెమెరాలో దవడ గీత నీట్‌గా పడుతుంది. భుజాలు కాస్త పక్కకి తిప్పండి. సెల్ఫీ మాత్రం వద్దండీ, మరీ దగ్గర్నించి తీస్తే ముక్కు పెద్దగా కనిపిస్తది, పగటిపూట కిటికీకి ఎదురుగా నిలబడి ఎవరినైనా ఐదారడుగుల దూరం నించి 2ఎక్స్ జూమ్‌లో తీయమనండి, నెత్తి మీద ట్యూబ్‌లైట్ ఉంటే కళ్ల కింద నీడలొస్తాయి. క్లిక్ కొట్టే ముందు ఊపిరి మెల్లగా వదిలేయండి, భుజాలు వాటంతటవే దిగుతాయి. నిన్న మా చెల్లికి ఇలాగే తీశా, పదో ఫొటోకి నవ్వు కళ్లల్లోకొచ్చింది.