మునిగిన ఓడల వెండి నాణేలు కొనేవాళ్లకి

బరంపురం, పర్లాకిమిడి వైపు మన ఇళ్లల్లో రాజుబొమ్మ వెండి రూపాయిలు ఇంకా ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి, ఓడ నాణేల మీద మోజున్నవాళ్లు ముందు వాటిని చేత్తో పట్టుకుని, తూచి, అంచు చూసి అలవాటు పడండి. 1939 వరకు కొట్టిన రూపాయి 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. 1940 నుంచి సగమే వెండి. 1942లో బొంబాయి నుంచి ఇంగ్లండుకి బయల్దేరి, జర్మన్ జలాంతర్గామి దెబ్బకి మునిగిన సిటీ ఆఫ్ కైరో అనే ఓడలో ఉన్నవి మన వెండి రూపాయిలే. ఐదు వేల మీటర్లకి పైగా లోతు నుంచి బయటికి తీసి చాలావరకు కరిగించేశారు, తలుచుకుంటేనే ప్రాణం ఉసూరుమంటుంది.

నాణేనికి ఓడ పేరు చెప్పారంటే రేటు పెంచుతారు. అందుకే ఆ పేరుకి రుజువు అడగండి. వెలికితీసినవాళ్లు ఇచ్చిన సర్టిఫికెట్ మీద ఫొటో ఉంటే, అందులోని నొక్కులూ గీతలూ చేతిలో ఉన్న నాణెంతో ఒక్కొక్కటే పోల్చుకోవాలి. కాగితం లేకపోతే మామూలు పాత నాణెం ధరే ఇవ్వండి, ఎంత బతిమాలినా సరే.

తర్వాత తేదీ. ఎల్ కజడోర్ అనే స్పెయిన్ ఓడ 1784లో మెక్సికో నాణేలతో మునిగింది, 1993లో చేపల వలకి తగిలి బయటపడింది. ఆ ఓడదని చెప్పి 1790 నాణెం చూపిస్తే అబద్ధమేనని తేలిపోయినట్టే. 1622లో ఫ్లోరిడా దగ్గర మునిగిన అటోచా అనే స్పెయిన్ ఓడ నాణేలు వేరే రకం: సుత్తితో కొట్టి, బరువు సరిపోయేదాకా అంచులు కత్తిరించినవి, కాబట్టి గుండ్రంగా ఉండవు. ఎనిమిది రియాళ్ల నాణెం (స్పెయిన్ వాళ్ల పాత వెండి నాణెం, గల్ఫ్ రియాల్ కాదు) అసలు బరువు సుమారు 27 గ్రాములు, ఉప్పునీళ్లు తినేసినవి ఇంకా తగ్గుతాయి. అయస్కాంతానికి అతుక్కుంటే మాత్రం ఇంక మాట్లాడక్కర్లేదు, పక్కన పెట్టేయండి.

కొన్నాక చింతపండుతో తోమొద్దు! పండక్కి వెండి కుందులు తోమినట్టు తోమేస్తే పైపొర పోతుంది, దాంతో విలువా పోతుంది. కంసాలి దగ్గర గీటురాయి మీద గీయించొద్దు, బరువు, కొలతలు చూడమనండి చాలు. మెత్తటి పీవీసీ కవర్లలో నాణెం మీద పచ్చటి జిడ్డు చేరుతుంది. గోపాలపూర్ లాంటి ఉప్పుగాలి ఊళ్లలోనైతే గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం తప్పనిసరి.

వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, అమెరికాలో ఉన్న అబ్బాయికి కానుకగా కూడా ఇక్కడి నుంచి పంపకూడదు. ఒడ్డున ఇసుకలో పూడిన నాణేల మూట ఏదైనా దొరికితే దాచుకోకుండా కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయండి, 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లోనే ఉంది.