బరంపురంలో మీ ఇంట్లోనే గురుత్వ త్వరణం కొలిచే విధానం

ప్లస్ త్రీ (ఒడిశాలో డిగ్రీ) మొదటి ఏడాది ప్రాక్టికల్స్‌లో లఘులోలకం, అంటే దారానికి వేలాడుతూ ఊగే గుండు, దాదాపు తప్పనిసరి. గురుత్వ త్వరణం (కింద పడే వస్తువు వేగం సెకనుకు పెరిగే మేర) 9.81 మీ./సె.² వచ్చేదాకా రీడింగులను సవరించి రికార్డు రాసేవాళ్లు తక్కువేమీ కాదు (ఒకప్పుడు నేనూ ఆ పని చేసినవాణ్ణే). నిజానికి ఆ విలువ 45–50 డిగ్రీల అక్షాంశాల నడుమ ఉన్న ప్రాంతాలకు సరిపోయేది. బరంపురం 19 డిగ్రీలు దాటిన కొద్ది దూరంలోనే ఉంది కనుక ఇక్కడి విలువ సుమారు 9.786. ఇంటి పనిముట్లతో 9.7, 9.9ల మధ్య వస్తే చాలు, సరిగ్గా 9.81 వస్తే మాత్రం నాకు అనుమానమే.

తాపీమేస్త్రీ గోడ నిలువు చూసుకునే గుండు ఒకటి, సాగని సన్నని దారం, సెల్‌ఫోన్‌లోని స్టాప్‌వాచ్, టేపు ఉంటే చాలు. దారాన్ని మేకుకు చుట్టకూడదు. చుట్టితే ఊగుతున్నప్పుడు పొడవు మారుతుంది. రెండు చెక్కముక్కల మధ్య బిగించి, గుమ్మానికి గట్టిగా కట్టాలి. మధ్యాహ్నం గోపాలపురం వైపు నుంచి సముద్రపు గాలి లేస్తుంది కాబట్టి కిటికీలు మూసి, ఫ్యాను ఆపాలి.

గుండును దారం పొడవులో పదో వంతుకు మించి పక్కకు లాగవద్దు. 30 డిగ్రీల దాకా లాగితే ఆవర్తన కాలం (ఒక డోలనానికి పట్టే సమయం) దాదాపు 1.7 శాతం పెరుగుతుంది. గుండు అట్టడుగు స్థానాన్ని దాటే క్షణంలో వాచీ నొక్కి, ‘సున్నా’ అని లెక్క మొదలుపెట్టి, 20 డోలనాలకు పట్టే సమయం చూడాలి (గుండు అటూ ఇటూ ఊగి, అదే దిశలో మళ్లీ అట్టడుగును దాటితే ఒక డోలనం). ‘ఒకటి’ అని మొదలుపెట్టినవాళ్లు 19 డోలనాలనే 20గా లెక్కించినట్లవుతుంది, అప్పుడు జవాబు 10.8 దాకా పోతుంది. వేలు నొక్కడంలో 0.2 సెకన్ల తేడా ఎవరికైనా వస్తుంది. సుమారు రెండు సెకన్లు పట్టే ఒక్క డోలనం కొలిస్తే అది పది శాతం తప్పు, 20 డోలనాల మీద అర శాతం. ప్రతి పొడవుకూ మూడుసార్లు కొలిచి సగటు తీసుకోవాలి.

అసలు చిక్కు పొడవు దగ్గర ఉంది. లోలకం పొడవంటే దారం బిగించిన చోటి నుంచి గుండు ద్రవ్యరాశి కేంద్రం వరకు, కాని మేస్త్రీ గుండులో ఆ కేంద్రం ఎక్కడుందో బయటికి కనిపించదు. ముడి వరకు సరిగ్గా ఒక మీటరు, ముడికి కింద 3.5 సెం.మీ. దూరంలో కేంద్రం ఉందనుకుంటే 20 డోలనాలకు సుమారు 40.9 సెకన్లు పడుతుంది. పొడవు ఒక మీటరే అని సూత్రంలో (గురుత్వ త్వరణం = 4π² × పొడవు ÷ ఆవర్తన కాలపు వర్గం) వేస్తే జవాబు 9.46కి పడిపోతుంది. అందుకే ముడి వరకు 50, 70, 90, 110, 130 సెం.మీ. పొడవులతో కొలిచి, అడ్డంగా పొడవును మీటర్లలోనూ, నిలువుగా ఆవర్తన కాలపు వర్గాన్నీ తీసుకుని గ్రాఫు గీయాలి. బిందువులన్నీ దాదాపు ఒకే సరళరేఖ మీద పడతాయి. కేంద్రం ఎక్కడున్నా రేఖ వాలు మారదు కాబట్టి 39.48ని (అంటే 4π²ను) ఆ వాలుతో భాగిస్తే గురుత్వ త్వరణం వస్తుంది. ఇక్కడ వాలు 4.03కు దగ్గరగా ఉండాలి. రేఖ మూలబిందువు గుండా పోలేదని కంగారుపడి దాన్ని అటు లాగవద్దు. స్కేలు పెట్టి ఎడమవైపుకు పొడిగిస్తే అది అడ్డ అక్షాన్ని సున్నాకు అవతల ఎంత దూరంలో తాకుతుందో, ముడికి అంత కింద గుండు కేంద్రం ఉన్నట్లు.