క్యూబ్స్ ఓఎస్‌లో బయటి పైథాన్ ప్యాకేజీలను ఎక్కడ, ఎలా ఇన్‌స్టాల్ చేసుకోవాలి

పైపీఐ (పైథాన్ ప్యాకేజీల బహిరంగ భాండాగారం) నుంచి తెచ్చుకునే ప్యాకేజీని నమ్మవచ్చునా అన్న ప్రశ్నకు నిక్కచ్చిగా సమాధానం దొరకడం అరుదు. అది చెడ్డదే అయితే ఎంతవరకు నష్టం చేయగలదన్నది మాత్రం, పనులను క్యూబ్‌లనే వేరువేరు వర్చువల్ మెషీన్లుగా విడదీసే క్యూబ్స్ ఓఎస్‌లో చాలావరకు మన చేతిలోనే ఉంటుంది. అందువల్ల ఇక్కడ ప్యాకేజీని పరీక్షించడం కంటే, దానిని ఏ క్యూబ్‌లో ఉంచాలన్న విషయానికే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తున్నాను.

కావలసిన లైబ్రరీ డెబియన్ లేదా ఫెడోరా లినక్స్ రిపోజిటరీలో ఉన్నదేమో ముందుగా చూడాలి. అక్కడ ప్యాకేజీకి ఒక నిర్వాహకుడు ఉంటాడు, సంతకాల తనిఖీ దానంతట అదే జరుగుతుంది. పైపీఐలోనైతే ఖాతా తెరిచిన ఎవరైనా కొత్త ప్యాకేజీని పెట్టవచ్చు. వెర్షన్ కొంత పాతదైనా పని జరిగేటట్లయితే దానితోనే సరిపెట్టుకోవడం మేలు.

అక్కడ దొరకనప్పుడు చాలామంది టెంప్లేట్‌లోనే (ఇతర క్యూబ్‌లకు మూలమైన క్యూబ్) సుడోతో, అంటే రూట్ అధికారంతో, పైథాన్ ఇన్‌స్టాలర్ అయిన పిప్‌ను నడపాలని చూస్తారు. టెంప్లేట్‌కు మామూలుగా నెట్‌వర్క్ ఉండదు, అప్‌డేట్ల కోసం మధ్యవర్తిగా పనిచేసే అప్‌డేట్ ప్రాక్సీ మాత్రమే ఉంటుంది. దీనిని అడ్డంకిగా భావించి నెట్‌వర్క్‌ను తగిలించడం, లేదా పిప్‌ను ఆ ప్రాక్సీ గుండా మళ్ళించడం రెండూ తప్పే. సోర్స్ రూపంలో వచ్చే ప్యాకేజీలోని సెటప్ స్క్రిప్టు ఇన్‌స్టాల్ సమయంలోనే నడుస్తుంది గనుక, రూట్ అధికారంతో అక్కడ చొరబడిన హానికర కోడ్ ఆ టెంప్లేట్‌పై ఆధారపడిన ప్రతి క్యూబ్‌లోకీ చేరుతుంది. టెంప్లేట్‌లో ఆప్ట్ (డెబియన్ ప్యాకేజీ సాధనం) ద్వారా, ప్రాజెక్టుకు విడి పైథాన్ పరిసరాన్ని తయారుచేసే వెన్వ్ ప్యాకేజీని పెట్టుకుంటే చాలు. డెబియన్ 12 నుంచి వెన్వ్ వెలుపల పిప్ మొరాయిస్తుంది; ఆ నిరాకరణను దాటవేసే ఐచ్ఛికం ఉన్నప్పటికీ దాని జోలికి పోవద్దు.

ఇప్పుడు ఒకే టెంప్లేట్‌పై రెండు క్యూబ్‌లు కావాలి: నెట్‌వర్క్ ఉన్న డిస్పోజబుల్ (మూసివేయగానే చెరిగిపోయే క్యూబ్) ఒకటి, నెట్‌వర్క్ లేని ప్రాజెక్టు క్యూబ్ ఒకటి. టెంప్లేట్ ఒకటే అయితే పైథాన్ వెర్షన్లు సరిపోలి, తెచ్చిన ఫైళ్ళు అక్కడ పనికిరాకుండా పోవు. డిస్పోజబుల్‌లో ఒక వెన్వ్ తయారుచేసి, పిప్-టూల్స్‌లోని పిప్-కంపైల్‌తో ప్రతి ఆధారిత ప్యాకేజీకీ వెర్షన్, హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర వంటి సంఖ్య) నమోదైన రిక్వైర్‌మెంట్స్ ఫైలును సిద్ధం చేయాలి. తరువాత పిప్ డౌన్‌లోడ్ ఆదేశానికి ఓన్లీ-బైనరీ, రిక్వైర్-హ్యాషెస్ ఐచ్ఛికాలను జోడించి వీల్ ఫైళ్ళను (ముందే నిర్మించిన ప్యాకేజీలను) మాత్రమే ఒక ఫోల్డర్‌లోకి దించుకోవాలి. మొదటి ఐచ్ఛికాన్ని మరచిపోతే, పేరుకు డౌన్‌లోడే అయినా, సోర్స్ ప్యాకేజీల వివరాలు తెలుసుకోవడానికి పిప్ వాటి సెటప్ స్క్రిప్టులను నడిపే అవకాశం ఉంది. ఆ ఫోల్డర్‌నూ రిక్వైర్‌మెంట్స్ ఫైలునూ క్యూబ్‌ల మధ్య ఫైళ్ళను పంపే క్యూవీఎమ్-కాపీతో ప్రాజెక్టు క్యూబ్‌కు పంపితే అవి హోమ్‌లోని క్యూబ్స్‌ఇన్‌కమింగ్ ఫోల్డర్‌లో ప్రత్యక్షమవుతాయి. అక్కడ మరో వెన్వ్ తెరిచి, నో-ఇండెక్స్, ఫైండ్-లింక్స్, రిక్వైర్-హ్యాషెస్ ఐచ్ఛికాలతో, పైపీఐకి బదులు ఆ ఫోల్డర్ నుంచే ఇన్‌స్టాల్ చేయాలి. ప్రాజెక్టు క్యూబ్ వంటి యాప్ క్యూబ్‌లో హోమ్ డైరెక్టరీ నిలిచి ఉంటుంది కాబట్టి రీస్టార్ట్ తరువాత కూడా వెన్వ్ అలాగే ఉంటుంది.

హ్యాష్ సరిపోలితే, ముందు ఎంచుకున్న ఫైలే వచ్చిందని మాత్రమే అర్థం. ఆ ఫైలు మంచిదని కాదు. వీల్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు దానిలోని కోడ్ నడవకపోయినా, ఇంపోర్ట్ చేసినప్పుడు నడుస్తుంది. పీటీహెచ్ (.pth) ఫైలు కూడా ఉంటే దానిలోని కోడ్ పైథాన్ మొదలవగానే నడవవచ్చు. 2022 డిసెంబరులో పైటార్చ్ (మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ) నైట్లీ, అంటే రోజువారీ పరీక్షా వెర్షన్లకు అవసరమైన టార్చ్‌ట్రైటన్ పేరుతోనే ఎవరో పైపీఐలో మరో ప్యాకేజీని పెట్టగా, పిప్ దానినే ఎంచుకున్నది. అది ఇంపోర్ట్ అయినప్పుడు హోమ్ డైరెక్టరీలోని ఫైళ్ళనూ ఎస్ఎస్‌హెచ్ కీలనూ చదివి, సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్‌కు వేసే ప్రశ్నల రూపంలో బయటకు పంపింది. నెట్‌వర్క్ లేని, కీలు లేని క్యూబ్‌లో అదే కోడ్‌కు దొంగిలించడానికి ఆ ప్రాజెక్టు తప్ప మరేమీ దొరకదు, దానినైనా పంపడానికి దారి ఉండదు. కాబట్టి జీపీజీ (సంతకాలు, ఎన్‌క్రిప్షన్) కీలను క్యూబ్స్‌లోని స్ప్లిట్-జీపీజీ ద్వారా వేరే క్యూబ్‌లోనే ఉంచాలి.

సంస్థ అంతర్గత ఇండెక్స్‌ను (పైపీఐ వంటి సొంత భాండాగారాన్ని) వాడేవారు ఎక్స్‌ట్రా-ఇండెక్స్ ఐచ్ఛికాన్ని మానుకోవడం మంచిది; ఒకే పేరు రెండు చోట్లా ఉంటే పిప్ సొంత ఇండెక్స్‌కు మొగ్గు చూపదు, పెద్ద వెర్షన్‌ను తీసుకుంటుంది.

జావాస్క్రిప్ట్ ప్యాకేజీ సాధనమైన ఎన్‌పీఎమ్‌కు కూడా ఇదే అమరిక వర్తిస్తుంది: ఇగ్నోర్-స్క్రిప్ట్స్ పెట్టి, లాక్ ఫైలుతో ఎన్‌పీఎమ్ సీఐ వాడాలి. రస్ట్ భాష సాధనమైన కార్గోలో బిల్డ్ స్క్రిప్టులను ఆపే అటువంటి మీట లేదు గనుక కంపైల్ చేయడం కూడా నెట్‌వర్క్ లేని క్యూబ్‌లోనే జరగాలి.

ప్రోగ్రామ్ నడవడానికి నెట్‌వర్క్ తప్పనిసరైతే దానికోసం వేరే క్యూబ్‌ను కేటాయించి, ఫైర్‌వాల్‌లో అవసరమైన చిరునామాలను మాత్రమే అనుమతించవచ్చు. అయితే పేరుతో రాసిన నియమం చివరకు ఐపీ చిరునామాగా మారుతుంది, అదే ఐపీ వెనుక ఇతర సైట్లు కూడా ఉండవచ్చు. డీఎన్ఎస్‌ను విడిగా నిరోధించకపోతే పైన చెప్పిన డీఎన్ఎస్ ప్రశ్నల దారి తెరిచే ఉంటుంది. అందుచేత ఆ క్యూబ్‌లో రహస్యాలేవీ ఉంచకుండా, అనుమానం వచ్చిననాడు శుభ్రం చేయడానికి ప్రయత్నించకుండా, దానిని తొలగించి హ్యాష్‌లున్న ఫైలు నుంచి కొత్తదానిని నిర్మించుకోవాలి. ఏ ప్యాకేజీపై అనుమానం కలిగిందో దాని వెర్షన్‌ను ఆ ఫైలులో ముందుగా మార్చాలి.