రిటైరైన పోలీసు కారు కొంటున్నారా? మైళ్ళు కాదు, గంటలు చూడండి

టెక్సస్ వచ్చిన కొత్తలో అద్దంలో ఈ కారు కనపడితే చాలు, కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేది. ఇప్పుడు అదే కారు మా గరాజ్‌లో ఉంది. ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా పోలీస్ ఇంటర్‌సెప్టర్, ఇక్కడి పోలీసుల కోసమే చేసిన కారు. కెనడాలో, ఒంటారియోలోని సెయింట్ థామస్ ఫ్యాక్టరీలో 2011 సెప్టెంబరుతో వీటి తయారీ ఆగిపోయింది, అంటే మీకు దొరికేది ఎంత కొత్తదనుకున్నా 2011దే. ఇలాంటిది ఒకటి కొని బాగుచేసుకుందామనే సరదా ఉన్నవాళ్ళ కోసం, నేను డబ్బులు పోసి నేర్చుకున్నవి రాస్తున్నా.

ఊళ్ళూ కౌంటీలూ తమ పాత బండ్లని గవ్‌డీల్స్, పబ్లిక్ సర్‌ప్లస్, మ్యునిసిబిడ్ లాంటి ఆన్‌లైన్ వేలాల్లో పెడతాయి. పాడేముందు షరతులు చివరిదాకా చదవండి. పాట సొమ్ము మీద కమిషన్ వేస్తారు, ఇన్ని రోజుల్లో తీసుకెళ్ళాలని గడువు ఉంటుంది, బండి నడవకపోతే టోయింగ్ ఖర్చు మీదే. టైటిల్ (బండి మీదేనని చెప్పే కాగితం) ఇస్తారా, ఉత్త బిల్లు మాత్రమేనా అన్నది ముందే అడగండి. నా మటుకు నాకు పెద్ద సిటీ బండి కన్నా చిన్న ఊరి బండే నయం. చిన్న ఊళ్ళో ఒక ఆఫీసరుకి ఒకే బండి ఇచ్చి ఉంటే దాన్ని సొంత కారులా చూసుకుంటాడు.

మామూలు క్రౌన్ విక్టోరియాకి (అందరూ క్రౌన్ విక్ అంటారు) ఒక స్పాట్‌లైట్ తగిలించి "పోలీసు కారు" అని అమ్మేవాళ్ళు బోలెడుమంది. విన్ నంబరులో (ఒక్కో కారుకీ కంపెనీ వేసే గుర్తింపు నంబరు) 5, 6, 7 స్థానాలు చూడండి, పి71 అని ఉంటే అసలుది. చివరి మోడళ్ళలో పి7బి అని ఉంటుంది. ఇంకేదైనా ఉంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇక అసలు సంగతి. పోలీసు కారు రోజంతా పరిగెత్తదు, రోడ్డు పక్కన ఏసీ వేసుకుని ఇంజను ఆన్‌లో పెట్టి నిలబడుతుంది. ఆ అరుగుదల మైళ్ళలో కనపడదు. 2006 నుంచి వచ్చిన బండ్లలో ఓడోమీటర్ డిస్‌ప్లేలోనే ఇంజను తిరిగిన గంటలు కూడా వస్తాయి, ఫోటోలో లేకపోతే అడిగి తెప్పించుకోండి. ఒక గంట ఐడ్లింగ్ (ఇలా కదలకుండా ఇంజను తిరగడం) అంటే సుమారు 33 మైళ్ళు నడిపినట్టేనని ఫోర్డ్ లెక్క. ఉదాహరణకి మీటరు 95,000 మైళ్ళు, ఇంజను 7,000 గంటలు అనుకోండి. గంటకి 30 మైళ్ళ సగటున నడిచిందంటే రోడ్డు మీద గడిచింది 3,200 గంటలే. మిగిలిన 3,800 గంటలూ నిలబడే ఉంది, అంటే ఇంకో లక్షా పాతిక వేల మైళ్ళు. కలిపితే 2 లక్షల 20 వేలు! అయినా భయపడక్కర్లేదు, ఆ 4.6 లీటర్ల వీ8 మొండి ఇంజను, కానీ ధర పాడేటప్పుడు మాత్రం ఈ లెక్కతోనే పాడండి.

బండి దగ్గరకి వెళ్తే బానెట్ ఎత్తి ముందు ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజనులోకి గాలి పంపే భాగం) చూడండి. 1996–2001 మోడళ్ళలో కూలెంట్ (ఇంజనుని చల్లబరిచే ద్రవం) వెళ్ళే ముందు భాగం కూడా ప్లాస్టిక్కే, అది పగులుతుంది. అక్కడ అల్యూమినియం కనపడితే ఎవరో మార్చారన్నమాట. 2003–05 మోడళ్ళలో లైట్లని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె, లైటింగ్ మాడ్యూల్, పాడై హెడ్‌లైట్లు ఉన్నట్టుండి ఆరిపోతాయి, ఫోర్డ్ వాటిని బాగుచేయడానికి వెనక్కి పిలిచింది (రీకాల్) కూడా, ఆ పని జరిగిందో లేదో విన్ నంబరుతో చూసుకోవచ్చు. కింద పడుకుని వెనక యాక్సిల్ దగ్గర ప్లాస్టిక్ కవచాలు ఉన్నాయో లేదో కూడా చూడండి. వెనక నుంచి గుద్దినప్పుడు పెట్రోలు ట్యాంకు పగిలి మంటలు రేగిన ప్రమాదాల తర్వాత 2002లో ఫోర్డ్ ఇచ్చినవి అవి.

అన్నిటికన్నా ఏడిపించేది వైరింగ్. నేను ఎవరి దగ్గర కొన్నానో వాళ్ళు రేడియో, సైరన్, లైట్లు పీకేటప్పుడు వైర్లు విప్పలేదు, కట్టర్‌తో కత్తిరించి వదిలేశారు. వారం రోజులు నిలబెడితే బ్యాటరీ చచ్చిపోయేది. కొత్త బ్యాటరీ వేశా, అదీ అంతే. చివరికి బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి మధ్యలో మల్టీమీటర్ పెట్టి, తలుపులు మూసి అరగంట ఆగి చూస్తే 400 మిల్లీయాంపులు తాగుతోంది! 50 లోపు ఉండాలి. ఒక్కో ఫ్యూజూ పీకుతూ పోయా, అంకె కదల్లేదు. అంటే ఫ్యూజ్ బాక్సుతో సంబంధం లేకుండా ఎవరో నేరుగా బ్యాటరీ నుంచి లాగారు. ఆ లావు ఎర్ర వైరు పట్టుకుని కార్పెట్ కింద నుంచి పోతే, డిక్కీలో స్పేర్ టైరు వెనక ఒక చిన్న టైమర్ రిలే (కొంతసేపటికి కరెంటు దానంతటదే ఆపే స్విచ్చి), చుట్టూ ఇన్సులేషన్ టేపు, లోపల వెచ్చగా. దాన్ని పీకేశాక సమస్య లేదు. మీరైతే కొన్న వారమే సీట్లు, కార్పెట్ లేపి ఫ్యాక్టరీవి కాని వైర్లన్నీ తీసేయండి, రంగు సంగతి తర్వాత.

ఆ రంగు వేసే ముందు ఒక పని చేయండి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు తలుపు పక్కన వంగి చూడండి. స్టిక్కర్లు పీకేసినా వాటి కింద రంగు వెలవలేదు కాబట్టి అక్షరాలు నీడలా కనపడతాయి. నా బండి తలుపు మీద ఊరి పేరులో సగం, డిక్కీ మూల బండి నంబరు అలాగే దొరికాయి. అవి పట్టుకుని ఆ ఊరికి టెక్సస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ కింద ఒక మెయిల్ పెట్టా, మన సమాచార హక్కు చట్టం లాంటిదే. సర్వీసు రికార్డులు వచ్చాయి, గేర్‌బాక్సు ఒకసారి మార్చారని అందులోనే తెలిసింది.

చాలా పోలీసు బండ్లలో వెనక తలుపులు లోపల్నుంచి తెరుచుకోవు, ఇది మర్చిపోవద్దు. మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు గుడి దగ్గర పార్క్ చేసి మాటల్లో పడి నేను దిగిపోయా, వెనక్కి తిరిగి చూస్తే అద్దం మీద గాజులతో కొడుతోంది. "దొంగని పట్టుకెళ్ళినట్టు ఇదేం కార్రా" అని వారం రోజులు దెప్పింది. డోర్ ప్యానెల్ విప్పి మామూలు క్రౌన్ విక్ భాగాలు తుక్కు యార్డు నుంచి తెచ్చి బిగించడం ఒక పూట పని.

ఎరుపు, నీలం లైట్లు రోడ్డు మీద వెలిగించొద్దు. కాలిఫోర్నియాలో అయితే పోలీసు బండిలా నలుపు తెలుపు రంగులు వేసిన కారు కొన్ని మినహాయింపులు తప్పితే ఉంచుకోవడమే నేరం. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం, పెయింట్ షాపుకి వెళ్ళేముందే మీ రాష్ట్రానిది చదవండి. నాది తెల్ల కారే, లైట్‌బార్ (కారు పైన బిగించే పోలీసు లైట్ల పట్టీ) కార్ల షోలకి వెళ్ళినప్పుడే పైకెక్కుతుంది, దారిలో నల్ల గుడ్డ కప్పి ఉంటుంది.

హైదరాబాద్ నుంచి ఫ్రెండ్స్ "ఇక్కడ కూడా పాత పోలీసు జీపు దొరుకుతుందా" అని అడుగుతుంటారు. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దు చేసి స్క్రాపింగ్‌కి పంపాలన్న రూలు వచ్చింది, కాబట్టి ఆ జీపు మీద ఆశ పెట్టుకోకండి.